ప్యాకర్ చెక్‌బుక్ తీశాడు, క్రికెట్ రెండు ముక్కలైంది

ఐపీఎల్ వేలం అయిన ప్రతిసారీ ఒక డైలాగ్ గ్యారంటీగా వినిపిస్తుంది. "వీళ్లకి దేశం లేదు, టీమ్ లేదు, డబ్బే ముఖ్యం." 2024 నవంబర్‌లో రిషభ్ పంత్‌ని లక్నో 27 కోట్లకి కొన్న రోజు మా బాబాయ్ కూడా ఇదే అన్నాడు. దానికి తోడు, "మా చిన్నప్పుడు ఆట కోసం ఆడేవాళ్లురా" అని ఒక ముక్క కలిపాడు.

బాబాయ్ చిన్నప్పుడు అంటే 1970లు. క్రికెట్ చరిత్రలోనే అతి పెద్ద డబ్బు గొడవ జరిగింది సరిగ్గా అప్పుడే. ప్రపంచంలో టాప్ ప్లేయర్లు చాలామంది తమ దేశాల బోర్డులకి చెప్పకుండా, రహస్యంగా ఒక టీవీ ఛానెల్ ఓనర్‌తో కాంట్రాక్ట్ సైన్ చేశారు. రెండేళ్లపాటు క్రికెట్ రెండుగా చీలిపోయింది. ఈరోజు ఎపిసోడ్ దాని గురించే. స్టార్ ప్లేయర్ "నాకు ఇంత కావాలి" అని గట్టిగా అడిగితే టీమ్‌కి ఏమవుతుంది? పక్కన ఆడే పేరు లేని ప్లేయర్‌కి ఏమవుతుంది? నాకు రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం.

ముందు ఆస్ట్రేలియాకి వెళ్దాం. 1970ల మధ్యలో డెనిస్ లిల్లీ, జెఫ్ థామ్సన్ బౌలింగ్ చేస్తుంటే స్టేడియాలు నిండిపోయేవి. గేటు డబ్బులన్నీ బోర్డుకి. ప్లేయర్‌కి టెస్ట్‌కి ఇచ్చేది కొన్ని వందల డాలర్లు. ఏడాదంతా చూసుకుంటే దాంతో ఇల్లు గడవదు కాబట్టి అందరికీ ఇంకో పని ఉండేది. ఇయాన్ రెడ్‌పాత్ అనే ఓపెనర్ ఉండేవాడు. పాత సామాన్లు, పురాతన వస్తువులు అమ్మే వ్యాపారం ఆయనది. ఆ వ్యాపారం చూసుకోవడానికి టెస్ట్ క్రికెట్ నుంచి రిటైర్ అయ్యాడు. ఇవాళ ఒక ఇండియా ఓపెనర్ "షాప్ చూసుకోవాలి, టూర్‌కి రాలేను" అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు కెర్రీ ప్యాకర్ ఎంట్రీ. ఛానెల్ నైన్ ఓనర్. 1974లో తండ్రి చనిపోయాక కంపెనీ పగ్గాలు తీసుకున్నాడు. 1976లో ఆస్ట్రేలియా బోర్డు దగ్గరికి వెళ్లి, మూడేళ్ల టీవీ హక్కులకి 15 లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. బోర్డు ఏం చేసిందో తెలుసా? ప్రభుత్వ ఛానెల్ ఏబీసీతో పాత అలవాటు ప్రకారం మూడేళ్లకి 2 లక్షల 10 వేల డాలర్లకే ఒప్పందం చేసుకుంది. ఏడు రెట్లు ఎక్కువ ఇస్తానన్నవాడిని వెనక్కి పంపించేశారు. ఇంత ఆఫర్ వచ్చిందని ప్లేయర్లని అడిగిందీ లేదు. నా దృష్టిలో అసలు గొడవ మొదలైంది ఇక్కడ. స్టార్ల అత్యాశ తర్వాతి మాట. ముందు బోర్డు తన చేతిలో ఉన్న వస్తువు విలువ తనే తెలుసుకోలేదు.

హక్కులు ఇవ్వకపోతే ఏం, క్రికెటర్లనే కొనేస్తా అనుకున్నాడు ప్యాకర్. 1977 మార్చిలో మెల్‌బోర్న్‌లో సెంటినరీ టెస్ట్. టెస్ట్ క్రికెట్ మొదలై వందేళ్లయిన పండగ. లిల్లీ 11 వికెట్లు తీశాడు. ఇంగ్లండ్ కుర్రాడు డెరెక్ రాండల్ 174 కొట్టాడు. ఆస్ట్రేలియా 45 పరుగులతో గెలిచింది, 1877లో మొదటి టెస్ట్ గెలిచింది కూడా సరిగ్గా 45తోనే. బోర్డు పెద్దలందరూ సూట్లు వేసుకుని సంబరాల్లో ఉన్నారు. ఆ చుట్టుపక్కలే ప్యాకర్ మనుషులు ఒక్కొక్క ప్లేయర్‌నీ కలిసి సంతకాలు చేయించుకుంటున్నారు. ఏడాదికి సుమారు 25 వేల నుంచి 35 వేల డాలర్లు. చాలామంది రెండో ఆలోచన లేకుండా సైన్ చేశారు.

మే నెలలో వార్త బయటపడింది. అప్పటికి ఆస్ట్రేలియా టీమ్ ఇంగ్లండ్ టూర్‌లో ఉంది. 17 మంది టూరిస్టుల్లో 13 మంది ప్యాకర్ మనుషులే! ఇంగ్లండ్ కెప్టెన్ టోనీ గ్రెగ్ తను సైన్ చేయడమే కాకుండా మిగతా వాళ్లని కూడా చేర్పించాడు. ఇంగ్లండ్ అతని కెప్టెన్సీ వెంటనే పీకేసింది. వెస్టిండీస్ నుంచి క్లైవ్ లాయిడ్, వివియన్ రిచర్డ్స్. పాకిస్తాన్ నుంచి ఇమ్రాన్ ఖాన్. మొత్తం 35 మంది.

ఆ టూర్‌లో ఆస్ట్రేలియా యాషెస్ 3-0తో ఓడిపోయింది. డ్రెస్సింగ్ రూమ్‌లో 13 మంది ఒకవైపు, నలుగురు ఒకవైపు. "కాంట్రాక్టుల వల్ల టీమ్ చెడిపోతుంది" అనేవాళ్లకి ఇది గట్టి ఉదాహరణ. నేను కాదనను.

ఇక కోర్టు కథ. ఐసీసీ ఒక రూల్ తెచ్చింది. ప్యాకర్ మ్యాచ్‌లు ఆడినవాళ్లు టెస్ట్‌లు ఆడకూడదు. ఇంగ్లండ్ బోర్డు ఇంకో అడుగు ముందుకేసి కౌంటీల్లో కూడా ఆడనివ్వం అంది. గ్రెగ్, మైక్ ప్రొక్టర్, జాన్ స్నో లండన్ హైకోర్టుకి వెళ్లారు. ఖర్చు ప్యాకర్‌ది. 1977 నవంబర్ 25న జస్టిస్ స్లేడ్ తీర్పు ఇచ్చాడు. ప్లేయర్లు గెలిచారు.

తీర్పు సారం సింపుల్. ఒక మనిషికి ఒక్కటే విద్య వచ్చు. ఆ విద్యతో బతికే ఏళ్లు కూడా తక్కువ. చలికాలంలో పని ఇస్తామని మీరు గ్యారంటీ ఇవ్వలేదు. ఇంకోచోట పని చేస్తే మాత్రం జీవితాంతం తలుపు వేసేస్తాం అంటున్నారు. అది కుదరదు.

ఇది నాకు చాలా దగ్గరగా అనిపించే పాయింట్. బీటెక్ అయ్యాక నేను చేరిన మొదటి కంపెనీలో రెండేళ్ల బాండ్ రాయించుకున్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో. మా బ్యాచ్‌లో ఒకడికి రెట్టింపు జీతంతో ఆఫర్ వచ్చినా కదల్లేకపోయాడు. మీలో చాలామంది ఇలాంటివి చూసే ఉంటారు. మన 1872 కాంట్రాక్ట్ చట్టంలో సెక్షన్ 27 అని ఉంది. ఉద్యోగం మానేశాక కూడా నువ్వు ఈ పని ఇంకెక్కడా చేయకూడదు అనే షరతు మామూలుగా చెల్లదు అని దాని అర్థం. ఆంగ్లేయుల చట్టం నుంచి వచ్చిన ఆలోచనే. స్లేడ్ వాడింది కూడా అదే కుటుంబానికి చెందిన సూత్రం. కాకపోతే లాయర్ ఫీజు కట్టే ప్యాకర్ మనకి లేడు, అంతే తేడా.

కోర్టులో గెలిచినా గ్రౌండ్‌లో మొదట్లో ప్యాకర్ పరువు పోయింది. క్రికెట్ గ్రౌండ్లు బోర్డు చేతిలో ఉన్నాయి. అందుకని మెల్‌బోర్న్‌లో ఫుట్‌బాల్ గ్రౌండ్ అద్దెకి తీసుకున్నాడు. పిచ్ లేదు కదా. జాన్ మేలీ అనే క్యురేటర్ పెద్ద పెద్ద కాంక్రీటు తొట్లలో, గ్రీన్‌హౌస్‌లో పిచ్‌లు పెంచి, క్రేన్‌తో తెచ్చి గ్రౌండ్‌లో దించాడు. ఇప్పుడు మనం డ్రాప్-ఇన్ పిచ్ అంటున్నామే, అది అలా మొదలైంది. 1977 డిసెంబర్ 2న మొదటి సూపర్‌టెస్ట్. డెబ్బై వేలకి పైగా పట్టే స్టేడియంలో రెండు మూడు వేల మంది జనం. అంత పెద్ద సిమెంటు గిన్నెలో గుప్పెడు శనగలు వేసినట్టు.

అదే రోజు బ్రిస్బేన్‌లో ఇంకో మ్యాచ్ మొదలైంది. ఇండియా వర్సెస్ ఆస్ట్రేలియా. మన వాళ్లకి ఈ కథలో రోల్ ఉందని చాలామందికి తెలీదు. స్టార్లందరూ వెళ్లిపోయాక ఆస్ట్రేలియా బోర్డుకి కెప్టెన్ కావాలి. పదేళ్ల క్రితం రిటైర్ అయిన బాబ్ సింప్సన్‌ని 41 ఏళ్ల వయసులో బతిమాలి తెచ్చారు. పక్కన అంతా కొత్త కుర్రాళ్లు. బిషన్ సింగ్ బేడీ కెప్టెన్సీలో ఇండియా. అందరూ ఇది బీ గ్రేడ్ సిరీస్ అనుకున్నారు. ఏం జరిగింది? బ్రిస్బేన్‌లో 16 పరుగుల తేడా. పెర్త్‌లో 2 వికెట్ల తేడా. మెల్‌బోర్న్‌లో చంద్రశేఖర్ రెండు ఇన్నింగ్స్‌లోనూ ఆరేసి వికెట్లు తీస్తే ఆస్ట్రేలియా గడ్డ మీద ఇండియా మొదటి టెస్ట్ గెలిచింది. సిడ్నీలో ఇంకోటి గెలిచాం. అడిలైడ్‌లో 493 టార్గెట్‌కి 445 దాకా వెళ్లి ఓడిపోయాం. సిరీస్ 3-2. గవాస్కర్ మూడు సెంచరీలు. ముసలి సింప్సన్ కూడా రెండు కొట్టాడు. మొదటి నెలల్లో జనం అటే చూశారు, ప్యాకర్ స్టార్ల వైపు కాదు. స్టార్ లేకపోతే ఆట చచ్చిపోతుందని గట్టిగా చెప్పేవాళ్లు ఈ సిరీస్ స్కోర్‌కార్డ్‌లు ఒకసారి చూడాలి. అలాగని స్టార్లు అక్కర్లేదని కాదు. తర్వాతి ఏడాది అదే ఆస్ట్రేలియా బీ టీమ్ ఇంగ్లండ్ చేతిలో 5-1తో ఓడిపోయింది. జనం విసిగిపోయారు.

ఇటు ప్యాకర్ మాత్రం ఆగలేదు. ఫ్లడ్‌లైట్లు, తెల్ల బంతి, తర్వాత రంగు బట్టలు. 1978 నవంబర్ 28న సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లో లైట్ల కింద వన్డే. జనం ఎంత వచ్చారంటే గేట్లు తెరిచేయాల్సి వచ్చింది, లెక్క 44 వేలు దాటింది. బాలీబాల్ టోర్నమెంట్‌లాగా ఉందని వెక్కిరించినవాళ్లు నోరు మూసుకున్నారు. వెస్టిండీస్ టీమ్‌కి గులాబీ రంగు బట్టలు ఇచ్చారు. రిచర్డ్స్ పింక్‌లో. ఫొటోలు దొరికితే చూడండి, నవ్వాపుకోలేరు. ఆట మాత్రం నవ్వులాట కాదు. ఆండీ రాబర్ట్స్ బంతికి డేవిడ్ హుక్స్ దవడ విరిగింది. ఆ తర్వాతే బ్యాట్స్‌మెన్ హెల్మెట్లు పెట్టుకోవడం మామూలైపోయింది.

వెస్టిండీస్‌లో ఏమైందో కాస్త ఆగి చెప్పాలి. 1978లో సింప్సన్ టీమ్ అక్కడికి టూర్‌కి వెళ్లింది. మొదటి రెండు టెస్ట్‌లు లాయిడ్ టీమ్ చితక్కొట్టేసింది. మూడో టెస్ట్‌కి ముందు బోర్డు ముగ్గురు ప్యాకర్ ప్లేయర్లని తీసేసింది. డెరిక్ మర్రే, డెస్మండ్ హేన్స్, రిచర్డ్ ఆస్టిన్. మర్రే ప్లేయర్ల సంఘం సెక్రటరీ. లాయిడ్ కెప్టెన్సీ వదిలేశాడు. మిగతా ప్యాకర్ ప్లేయర్లందరూ అతని వెనకాలే బయటికి వచ్చేశారు. వాళ్ల తరఫున నేను నిలబడతాను. రిచర్డ్స్‌ని ఎవరూ తీసేయలేదు కదా, అయినా వెళ్లిపోయాడు. ఆ ఏడాది చివర్లో కాళీచరణ్ కెప్టెన్సీలో ఇండియాకి వచ్చిన వెస్టిండీస్‌లో ఈ పెద్దవాళ్లెవరూ లేరు. గవాస్కర్ 732 పరుగులు కొట్టాడు, మనం 1-0తో గెలిచాం. సంతోషమే గానీ అవతల ఎవరు లేరో గుర్తుంచుకోవాలి.

కానీ ప్యాకర్ వాళ్లకి డెనిస్ వెయిట్ అనే ఆస్ట్రేలియన్ ట్రైనర్‌ని పెట్టాడు. వెస్టిండీస్ ప్లేయర్లని పరిగెత్తించి, కసరత్తు చేయించి మార్చేశాడు. గొడవ ముగిసినా అతను ఆ టీమ్‌తోనే ఉండిపోయాడు. 1980 మొదట్లో న్యూజిలాండ్‌లో ఓడిపోయిన తర్వాత వెస్టిండీస్ మళ్లీ టెస్ట్ సిరీస్ ఓడింది 1995లో. కాంట్రాక్ట్ గొడవ ఒక టీమ్‌ని చీల్చింది, అదే గొడవ ఇంకో రకంగా అదే టీమ్‌ని తయారుచేసింది.

చివరికి 1979 మే 30న రాజీ. ఛానెల్ నైన్‌కి హక్కులు దొరికాయి. ప్యాకర్ కంపెనీకి పదేళ్ల మార్కెటింగ్ ఒప్పందం. బోర్డుకి డబ్బు. ఆ బల్ల దగ్గర కూర్చున్నది బోర్డు, ప్యాకర్. ప్లేయర్లు లేరు. ఎవరి సంతకాలతో ఆ యుద్ధం నడిచిందో వాళ్లకే ఆ రోజు కుర్చీ లేదు. ప్యాకర్‌కి కావలసింది మొదటి నుంచీ టీవీ హక్కులే. అవి దొరకగానే వరల్డ్ సిరీస్ షట్టర్ దించేశాడు.

లాభం కొంత కిందికి వచ్చింది, అది నిజం. ప్యాకర్ భయంతో ఇంగ్లండ్ స్పాన్సర్‌ని వెతుక్కుంది. రెండొందల పౌండ్ల చిల్లర ఉన్న టెస్ట్ ఫీజు ఒక్కసారిగా 1000 పౌండ్లైంది. ప్యాకర్ దగ్గరికి వెళ్లని వాళ్లకి కూడా. నష్టపోయినవాళ్లు ఎవరంటే నాకు ముందు గుర్తొచ్చేది కిమ్ హ్యూస్. ప్యాకర్ టీమ్‌లో లేడు, అధికారిక టీమ్‌లో ఎదిగాడు. తర్వాత కెప్టెన్ అయ్యాడు. వెనక్కి వచ్చిన లిల్లీ, రాడ్ మార్ష్‌లతో ఆ టీమ్ నడపడం అతనికి ఎప్పుడూ సాఫీగా సాగలేదు. 1984 నవంబర్‌లో బ్రిస్బేన్ ప్రెస్ మీట్‌లో రాజీనామా చదువుతూ ఏడ్చేసి మధ్యలోనే వెళ్లిపోయాడు. రాజీ కాగితం మీద 1979లోనే అయ్యింది. డ్రెస్సింగ్ రూమ్‌లో కాలేదు.

మన దగ్గరికి వద్దాం. 1989లో వెస్టిండీస్ టూర్ అయ్యాక అమెరికాలో ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు ఆడారని బీసీసీఐ ఆరుగురి మీద ఏడాది నిషేధం వేసింది. కపిల్ దేవ్, వెంగ్‌సర్కార్, రవిశాస్త్రి, కిరణ్ మోరే, అరుణ్ లాల్, మన హైదరాబాద్ అజహరుద్దీన్. విషయం సుప్రీంకోర్టుకి వెళ్లింది, బోర్డు వెనక్కి తగ్గింది. ఆరుగురూ పెద్ద పేర్లు కాబట్టి తగ్గింది అని నా అభిప్రాయం.

పేరు లేకపోతే ఏమవుతుందో 2007లో చూశాం. కథ దాదాపు జిరాక్స్ కాపీ. 2004లో బీసీసీఐ టీవీ హక్కులకి జీ అందరికంటే ఎక్కువ బిడ్ వేసింది. హక్కులు రాలేదు. సుభాష్ చంద్ర 2007లో సొంతంగా ఇండియన్ క్రికెట్ లీగ్ పెట్టేశాడు. అందులో హైదరాబాద్ హీరోస్ అని టీమ్. ఆ టీమ్‌లో అంబటి రాయుడు. 2004లో అండర్-19 వరల్డ్ కప్‌కి ఇండియా కెప్టెన్. రేపో మాపో ఇండియాకి ఆడతాడని అందరూ అనుకున్న కుర్రాడు. అప్పటికి 22 ఏళ్లు కూడా నిండలేదు. బీసీసీఐ ఈ లీగ్‌లో చేరిన వాళ్లందరికీ తలుపులు మూసేసింది. రంజీ లేదు, ఇండియా లేదు. మరుసటి ఏడాది తనే ఐపీఎల్ మొదలుపెట్టింది. ఐడియా బాగానే నచ్చింది అన్నమాట, తెచ్చినవాడే నచ్చలేదు. 2009లో క్షమాభిక్ష పెడితే 79 మంది ఇండియన్ ప్లేయర్లు వెనక్కి వచ్చారు. రాయుడు ఇండియాకి మొదటి వన్డే ఆడింది 2013 జూలైలో, హరారేలో. నాటౌట్ 63. అప్పటికి 27 నిండి 28లోకి వస్తున్నాడు. ఆ 79 మందిలో మిగతావాళ్ల పేర్లు ఎన్ని చెప్పగలరు? నాకూ వేళ్ల మీద లెక్కపెట్టేన్నే వస్తాయి.

2014 అక్టోబర్ మన ఆంధ్ర వాళ్లకి హుద్‌హుద్ తుఫానుతో గుర్తుంటుంది. వైజాగ్‌లో ఇండియా-వెస్టిండీస్ వన్డే తుఫాను వల్ల రద్దయింది. మూడు రోజుల తర్వాత ధర్మశాలలో వన్డే ఆడి వెస్టిండీస్ టీమ్ మొత్తం ఇంటికెళ్లిపోయింది. ఇది మనిషి చేసిన తుఫాను. హైదరాబాద్‌లో జరగాల్సిన టెస్ట్ కూడా పోయింది. బోర్డు, ప్లేయర్ల సంఘం కలిసి సీనియర్లకి వచ్చే స్పాన్సర్ డబ్బు తీసి, దేశవాళీలో 90 మందికి జీతాలిచ్చే పథకం పెట్టాయి. పథకం మంచిదే. కానీ డబ్బు ఎవరి జేబులోంచి తీస్తున్నారో వాళ్లని అడగలేదు. కెప్టెన్ డ్వేన్ బ్రావో తర్వాత 2015 వరల్డ్ కప్ టీమ్‌లో లేడు. బీసీసీఐ 4 కోట్ల డాలర్లకి పైగా నష్టపరిహారం అడిగింది. ఇక్కడ నేను సగం ప్లేయర్ల వైపు, సగం ఆ 90 మంది వైపు.

దీనికి పూర్తి ఉల్టా 2017లో ఆస్ట్రేలియాలో జరిగింది. డేవిడ్ వార్నర్ అంటే మనకి సన్‌రైజర్స్ కప్పు, బుట్టబొమ్మ స్టెప్పులు. అదే వార్నర్ 2017 జూలైలో నిరుద్యోగి. ప్యాకర్ కాలంలో దొరకని కుర్చీ ఆస్ట్రేలియా ప్లేయర్లకి 1998 ప్రాంతంలో దొరికింది. బోర్డు ఆదాయంలో ఒక వాటా ప్లేయర్లందరికీ. 2017లో బోర్డు ఏమందంటే, ఇంటర్నేషనల్ ప్లేయర్లకి జీతం పెంచుతాం, దేశవాళీ వాళ్లకి మాత్రం ఆ వాటా తీసేస్తాం. స్టార్లకి లాభమే కదా, సంతకం పెట్టేయొచ్చు. పెట్టలేదు. జూన్ 30న కాంట్రాక్టులు అయిపోయాయి. సుమారు 230 మందికి జీతం ఆగింది. ఆస్ట్రేలియా-ఏ టీమ్ సౌతాఫ్రికా టూర్ రద్దయింది. వార్నర్, స్టీవ్ స్మిత్, మిచెల్ స్టార్క్ కోసం పేపర్లలో తిట్లు. ఆగస్టు 3న రాజీ కుదిరింది. వాటా ఉండిపోయింది, మహిళా ప్లేయర్లు కూడా మొదటిసారి అందులోకి వచ్చారు. వాళ్ల మొత్తం ఐదేళ్లకి 75 లక్షల డాలర్ల నుంచి 5 కోట్ల 52 లక్షలకి పెరిగింది.

ఇండియాలో 2019లో ఇండియన్ క్రికెటర్స్ అసోసియేషన్ వచ్చింది. మెంబర్‌షిప్ రిటైర్ అయినవాళ్లకి మాత్రమే.